సున్నాలెక్కనే ఉంది

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు. రాజ్యం మారిందన్నారు గానీ, మా పుప్పాలగూడకు దగ్గర్లోని సర్కారు దవాఖానలో చిట్టీలు ఇంకా ఉర్దూలోనే రాసేవాళ్లు. నాకు పదిహేడేళ్లు. నెలల పిల్లవాడి తల్లిని. మోచేతి కింద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ లేచింది. "పెద్దరోగమేమో" అని వాడకట్టులో ఎవరో అన్నారట. ఆ మాట చెవిన పడిన దగ్గర్నుంచి మా అత్త పిల్లవాణ్ణి పాలకు తప్ప నా చేతికి ఇవ్వలేదు. అదే రోగమని తేలితే ఎక్కడో దూరాన కుష్టురోగుల ఆశ్రమంలో పడేస్తారు, బిడ్డను మళ్లీ చూడనివ్వరు. దవాఖాన దాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే నడిచాను.

డాక్టరుకు తెలుగు రాదు. నా చెయ్యి వెలుతురుకు తిప్పి చూసి, "సున్ హై?" అన్నాడు.

నాకు ఉర్దూ రాదు, అత్త వైపు చూశాను. మా అత్తకు ఉర్దూ వచ్చు. వచ్చంటే, అంగట్లో బేరమాడేంత! పిల్లవాణ్ణి ఎత్తుకునే ముందుకొచ్చి, "హా సాబ్, సున్నానే. గుండ్రంగ సున్నాలెక్కనే ఉంది," అని తల గట్టిగా ఊపింది.

డాక్టరు నిట్టూర్చి చిట్టీ రాశాడు. అది చదివిన కాంపౌండరు మా వైపు మనిషే, తెలుగులో మెల్లగా చెప్పాడు. "మచ్చ మీద స్పర్శ లేదని రాసిండమ్మా. పట్నం పెద్ద దవాఖానకు పోవాలె. పిల్లగాన్ని ఇగ దగ్గరికి తీసుకోకు."

"ఎవలన్నరయ్యా స్పర్శ లేదని? చీమ పాకినా తెలుస్తది నాకు!"

"మీ అత్తనే గద హా అన్నది. సున్ అంటే మొద్దుబారుడు."

ఓరి దేవుడా! వాళ్ల సున్‌కూ మా సున్నాకూ మధ్య నా బతుకు బుగ్గి అయ్యేది. కాంపౌండరు సంగతి చెబితే, డాక్టరు నన్ను కళ్లు మూసుకోమని దూదితో తాకాడు. తాకిన చోటల్లా వేలు పెట్టి చూపించాను. ఆయన రాసింది కొట్టేసి పక్కన ఇంకేదో రాశాడు.

"శోభి మచ్చనట. మందు పూస్తే పోతది, ఫికర్ చెయ్యకు," అన్నాడు కాంపౌండరు.

ఇంటిదారి పట్టాం. ఇప్పుడు అద్దాల మేడలున్న ఆ దారిలో అప్పుడన్నీ గుట్టలూ తుమ్మచెట్లే. సగం దూరం వచ్చేసరికి పిల్లవాడు ఆకలికి గుక్కపట్టాడు. నా రవిక తడిసిపోతోంది. చేతులు చాచితే అత్త వెనక్కి జరిగింది.

"కొట్టేసిండు గని, ముందుగాల రాసిండు గద. ఏది నిజమో ఎవలికెరుక?"

భయంతో నాకు పిచ్చెత్తింది. పక్కనున్న తుమ్మకొమ్మ నుంచి ముల్లు విరిచి, "చూడు అత్తా!" అంటూ మచ్చలో కసుక్కున దించాను. కెవ్వుమన్నాను. రక్తం కారింది.

"అయ్యో, పిచ్చిదానా! ఇగో, పట్టుకో," అని అత్త పిల్లవాణ్ణి నా చేతుల్లో పెట్టింది.

బండ మీద కూచుని పాలిచ్చాను. వాడి ఏడుపు ఆగింది గానీ నాకో అనుమానం పట్టుకుంది. ఆ కేక నొప్పికి వచ్చిందా, అత్త వినాలని నేనే పెట్టానా? ఎంత గుర్తుచేసుకున్నా తెలియలేదు. ఇంటికొచ్చాక గొడ్ల కొట్టంలోకి ఒక్కదాన్నే పోయి, పళ్లు బిగబట్టి, అదే మచ్చలో ఇంకో ముల్లు గుచ్చుకున్నాను.