కూర్మయ్య తడివేలు

కళింగపట్నంలో కూర్మయ్య ఏ పని చేయాలన్నా ముందు గాలినడిగేవాడు. కుడిచేతి చూపుడువేలు నోట్లో పెట్టి తడిపేవాడు, నెత్తిమీదికెత్తేవాడు, ఒక కన్ను మూసేవాడు. ఆపైన తీర్పు. "గాలి ఒప్పుకున్నాది." లేదా, "ఒప్పుకోలేదు."

సముద్రం మీద చేపల వేటకెళ్ళే మనిషి గాలి చూడడంలో వింతేముంది? కానీ కూర్మయ్య క్షవరానికీ గాలి చూసేవాడు, వంకాయ కూరకీ చూసేవాడు. ఒకసారి ఆమదాలవలస స్టేషన్లో, రైలొచ్చి ఎదురుగా ఆగాక, వేలెత్తి, "ఇది కాదు, ఎనకాల బండికెల్దుం" అన్నాడు. వెనకాల బండి ఆరు గంటల తర్వాత వచ్చింది. ఆ ఆరు గంటలూ ఆయన భార్య బుల్లమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.

ఆ వేలు చూస్తే గోవింద్‌కి ఒళ్ళు మంట. అతనికి ఇరవై నాలుగేళ్ళు. కాలేజీ మధ్యలో ఆగింది గానీ చదువు ఆగలేదు. పకోడీ పొట్లం విప్పితే, పకోడీ చల్లారేదాకా కాగితం చదివే రకం. చదివేకొద్దీ లోకం మీద కోపం పెరిగింది. అందులో సగం కూర్మయ్య వాటా. రెండేళ్ళ కిందట గోవింద్ ఆయన పడవలో వేటకి బయల్దేరితే, వరసగా నాలుగు రోజులు వేలెత్తి, "నీ మీద గాలి ఒప్పుకోలేదురా" అని ఒడ్డునే వదిలేసి పోయాడు. ఆ ఉక్రోషంతోనే బీచ్‌లో చేపల వేపుడు బడ్డీ పెట్టాడు గోవింద్. ఆదివారాలు శ్రీకాకుళం నుంచి వచ్చే జనమే అతనికి బతుకు.

2016 ఎండాకాలంలో ఒక కంపెనీ వచ్చి, ఒడ్డున పెద్ద గాలిమర నిలబెడతామంది. ఇంజనీరు విజయ్‌కుమార్ ఎర్రజెండా తెచ్చి సరిగ్గా గోవింద్ బడ్డీ పక్కనే పాతాడు. రోడ్డు దగ్గర, సామాను దించడం సులువట. చుట్టూ కంచె వస్తుంది. బడ్డీ తీసేయాలి.

ఊరంతా చేరింది. చేపలెండబెట్టే తాయారు అడిగింది: "ఆ రెక్కలు గాలంతా లాగేసుకుంటే నా సేపలెలా ఎండుతాయి?"

"కరెంటిస్తే ఫ్యాను తిరుగుతాది గానీ, ఫ్యాను తిరిగితే కరెంటొస్తాదేటి?" అని పడవల పోతురాజు నవ్వాడు.

గోవింద్ నాలుగు పేజీల అర్జీ రాశాడు. ఇంజనీరు దాన్ని మర్యాదగా చదివి, మర్యాదగా మడిచి, "పైవాళ్ళకి పంపిస్తాను" అన్నాడు. పైకెళ్ళిన కాగితం కిందికి దిగదని గోవింద్‌కి తెలుసు.

అప్పుడు బడ్డీలో టీ తాగుతున్న కూర్మయ్య లేచాడు. నోటినిండా టీ ఉంది. వేలు పొగలు కక్కుతున్న గ్లాసులోనే ముంచి ఎత్తాడు.

"సారూ, ఇక్కడ గాలి దొంగది."

"దొంగదా?"

"మజ్జానం ఉంటాది. సందేళకి పారిపోతాది."

ఇంజనీరు నవ్వాడు గానీ, సరదాకి వందడుగులు జరిగాడు. అక్కడ గాలి సోమరిదట. ఇంకోచోట మాట మీద నిలబడనిదట. పది రోజులపాటు ఇదే వరస: ముందు కూర్మయ్య వేలు, వెనక ఇంజనీరు మీటరు. ఊరికి ఇంత వినోదం ఎన్నడూ దొరకలేదు. చివరికి సరుగుడు తోట అవతల దిబ్బెక్కి కూర్మయ్య కన్ను మూశాడు. "ఒప్పుకున్నాది."

"ఇక్కడికి రోడ్డు లేదు కదండీ?"

"రోడ్డు ఏసుకుంటాం సారూ. గాలిని ఏసుకోగలమా?"

గోవింద్ మండిపడ్డాడు. "కంపెనీకి సోటు సూపిస్తన్నావా మావా? నువ్వు మనోడివా, ఆళ్ళోడివా?"

"నాను గాలోణ్ణిరా."

గాలిమర దిబ్బమీదే లేచింది. తాయారు చేపలు ఎప్పటిలాగే ఎండాయి. పోతురాజు లైట్‌హౌసునీ గాలిమరనీ ఒక వరసలో చూసుకుంటూ పడవని ఇంటికి తెచ్చుకోవడం మొదలెట్టాడు. ఆదివారం జనం రెట్టింపయ్యారు. దూరంగా తిరిగే రెక్కలు వెనక పడేలా ఫోటోలు దిగడం, ఆకలేయడం, దగ్గర్లో ఉన్నది గోవింద్ బడ్డీయే కావడం. నాలుగింటికల్లా చేపలు అయిపోయేవి.

బదిలీ మీద వెళ్ళిపోతూ ఇంజనీరు చివరిసారి వేపుడు తినడానికొచ్చాడు.

"నిజంగా ఆ దిబ్బమీద గాలెక్కువా సార్?" అడిగాడు గోవింద్.

"అన్నిచోట్లా మీటరు ఇంచుమించు ఒకటే చూపించింది. కూర్మయ్యగారు గాలి గురించి ఒక మాటంటే, మీ బడ్డీ గురించి పది మాటలు చెప్పేవారు. బీచ్ మధ్యలో కంచె వేస్తే ఈ ఊరు మమ్మల్ని ఎన్నటికీ క్షమించదని ఆ పది రోజుల్లో నాకే తెలిసొచ్చింది."

గోవింద్ పెనం దించేసి బుల్లమ్మ దగ్గరికి పరిగెత్తాడు. "అత్తా, మావ ఏలికి నిజంగా గాలి తెలుస్తాదా?"

బుల్లమ్మ పడీపడీ నవ్వింది. "గాలా! వలతాడు బిగిసి ఆ ఏలు నరం సచ్చిపోయి ఇరవయ్యేళ్ళయినాది. ఉడుకుడుకు టీలో ముంచినా తెలీదు. ముసిలోడి మాటంటే ఎవులూ ఇనరు, గాలి మాటంటే ఇంటారని ఆ ఏలెత్తడం."

"మరి రైలు?"

"నిలబడ్డానికి సోటు లేదందులో. నాకేమో మోకాళ్ళ నొప్పి. ఆ సంగతి నాకూ పదేళ్ళకి సెప్పినాడు."

"నన్నెందుకు పడవెక్కనివ్వలేదు?"

"నీకు కెరటం సూస్తేనే వాంతులు కదరా! నలుగురిలో సెప్తే నీ పరువేటవుతాది?"

గోవింద్ చెవులు ఎర్రబడ్డాయి. చాలాకాలం తర్వాత మొదటిసారి, అది కోపంతో కాదు. మంచి వంజరం చేప ముక్కలేరి, పళ్ళెం నింపి పట్టుకెళ్ళాడు. కూర్మయ్య పడవ నీడలో వల అల్లుతున్నాడు.

"తిను మావా."

కూర్మయ్య వేలు తడిపాడు, ఎత్తాడు, కన్ను మూశాడు. గోవింద్ చేతులు కట్టుకుని తీర్పు కోసం నిలబడ్డాడు.

"ఒప్పుకున్నాది. ఉప్పు తక్కువంటన్నాది."

"రుసి సూడకుండానేనా?"

"నానెక్కడన్నానురా? గాలంటన్నాది."

గోవింద్ తన వేలు నోట్లో పెట్టి తడుపుకుని, నెత్తిమీదికెత్తి, ఒక కన్ను మూశాడు.

"రేపట్నించి రోజూ ఒక పళ్ళెం తెమ్మంటన్నాది మావా."

కూర్మయ్య అతన్నీ, ఆ వేలునీ ఎగాదిగా చూశాడు.

"ఎడంసేతి ఏలెత్తినావేటిరా ఎర్రోడా," అన్నాడు. "సరేలే, అయినా నిజమే సెప్పినాది."