మార్గరెట్ నడిచిన దారి

సుధాకరరావు ఇంగ్లండులో ఏనాడూ కాలు పెట్టలేదు. అయినా థోర్న్‌వెల్ అనే ఊరి నుంచి ఆష్‌కూమ్ అనే ఊరి దాకా పొలాల మీదుగా పోయే పద్దెనిమిది కిలోమీటర్ల కాలిబాటను ఆరుసార్లు నడిచినట్టు రాశాడు. ఒకసారి కొత్త పెళ్లికొడుకుగా, ఒకసారి కుక్కను వెంటబెట్టుకున్న రిటైర్డు మాస్టారుగా, ఆఖరున మోకాళ్ల నొప్పులున్న అరవై ఎనిమిదేళ్ల మార్గరెట్‌గా. ఇంతకన్నా రోత పని ఇంకోటుందా అంటే, ఉండే ఉంటుంది. కానీ దాన్ని ఇంత శుభ్రమైన ఏసీ గదిలో కూర్చోబెట్టి చేయించరు.

ఆ గది సింగపూర్‌లో, వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో ఉంది. విదేశాల్లో నడకదారులు చూపించే యాప్ కంపెనీ అది. నడిచినవాళ్లు రాసే అభిప్రాయాలు ఎక్కువగా ఉన్న దారినే జనం ఎంచుకుంటారు కాబట్టి, నడవనివాళ్లతో కూడా రాయిస్తారు. ఇరవై ఏళ్లు బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి, యాభై రెండో ఏట ఇంటికి పంపేస్తే, ఎనిమిది నెలలు సెంగ్‌కాంగ్ ఫ్లాట్‌లో గోడలు చూస్తూ కూర్చున్న అమలాపురం మనిషికి ఈ ఉద్యోగమే దేవుడిచ్చినట్టు కనిపించింది. తీరా చేరాక, ఆ పని తనకు బాగా చేతనవునని తెలిసింది. సుధాకరరావుకు తన మీద అసహ్యం మొదలైంది అక్కడే.

అందరిలోకీ మార్గరెట్ బాగా కుదిరింది. ఆవిడ గురించి రాసేటప్పుడు సుధాకరరావు కళ్ల ముందు ఉన్న దారి ఒక్కటే, రోజూ పొద్దున్నే భార్య ఉమతో కలిసి తను నడిచే సెంగ్‌కాంగ్ ఏటిగట్టు దారి. కాంక్రీటు బాట, పట్టుకోవడానికి కమ్మీ, వానొస్తే నిలబడడానికి షెడ్డు, కాస్త దూరం నడిస్తే చాలు టాయిలెట్టు. ఇరవై రెండేళ్లు సింగపూర్‌లో ఉన్న మనిషికి ఇవేవీ లేని నడకదారి కూడా ఉంటుందన్న ఊహే రాలేదు. అందుకే మార్గరెట్ చేత ధీమాగా చెప్పించాడు: “మైలుకొక టాయిలెట్టు ఉంది, మా వయసువాళ్లకు ఏ ఇబ్బందీ లేదు.”

ఒక శుక్రవారం మధ్యాహ్నం యాప్‌లో మార్గరెట్ పేరిట ఉత్తరం వచ్చింది. రాసింది హేజెల్ అనే ఆవిడ, డెబ్భై నాలుగేళ్లు. భర్తకు ఆపరేషన్ అయ్యాక మూత్రం ఆగదనీ, ఆ సిగ్గుతో రెండేళ్లుగా గడప దాటలేదనీ రాసింది. “మీరు రాసింది చదివి వినిపించాను. రేపు వెళ్దామని ఆయనే అన్నారు. అటకమీంచి బూట్లు దింపుకున్నారు.”

 నిజంగా నడిచినవాళ్లు పెట్టిన ఫొటోలు సుధాకరరావు అప్పుడు తీసి చూశాడు. అన్నీ ఆవుల మందలు, మోకాటి లోతు బురద, ఎక్కి దిగాల్సిన కంచెలు. టాయిలెట్టు ఒక్కటీ లేదు. చాటుకు ఒక గోడైనా లేదు. మైళ్ల తరబడి బయలు. అక్కడ ఆ పెద్దాయన ఏం చేస్తాడు?

మేనేజరు అభిరామ్ దగ్గరికి వెళ్లాడు. వరంగల్ కుర్రాడు, ముప్ఫై ఏళ్లు లేవు.

“అది తీసేద్దాం బాబూ. ఆవిడ నమ్మేసింది. రేపే బయల్దేరుతున్నారు.”

“గట్ల తీస్తే రేటింగ్ పడ్తది అంకుల్. గా రూట్‌కి మన టాప్ రివ్యూ అదే. సోమవారం చూద్దాం లెండి.”

“సోమవారానికి వాళ్లు వెళ్లొచ్చేస్తారయ్యా.”

“వెళ్లొస్తే ఏమైతది? పొలాలే కదా అంకుల్,” అని నవ్వాడు అభిరామ్.

సుధాకరరావు తన సీటుకు తిరిగొచ్చేశాడు. ఆ కుర్రాణ్ని తిట్టే హక్కు తనకెక్కడిది? లేని టాయిలెట్లు కట్టింది తనే మరి.

ఇంటికి వెళ్లే రైల్లో, తన సొంత పేరుతో హేజెల్‌కు రాశాడు. మార్గరెట్ అనే మనిషి లేదు, రాసింది నేను, సింగపూర్‌లో ఉంటాను, ఆ దారి ఎప్పుడూ చూడలేదు, అక్కడ టాయిలెట్లు లేవు, దయచేసి వెళ్లకండి. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఒళ్లు తేలికైంది.

ఇంట్లో అడుగుపెట్టేసరికి జవాబు ఉంది. “మీరెవరో నాకు తెలియదు. ఈ దారి చూడలేదని మీరే అంటున్నారు. మార్గరెట్ నొప్పి కాళ్లతో నడిచింది. అలాంటి మనిషి మీద నిందలు వేయడానికి మీకు సిగ్గులేదా? మేం రేపు వెళ్తున్నాం.”

ఉమకు చదివి వినిపించాడు.

“మీరు చెప్తే వినదండీ. ఆ మార్గరెట్ చేతే చెప్పించండి,” అంది ఉమ.

“మళ్లీ ఆ వేషమా? నావల్ల కాదు.”

“మరి ఆ ముసలాయన్ని పొలంలో నిలబెడతారా?”

లాప్‌టాప్ తెరిచాడు. వేళ్లు తడుముకోలేదు, మార్గరెట్ గొంతు వాటికి కంఠతా వచ్చు. “హేజెల్ అమ్మా, నా మతిమరుపు మండిపోనూ. ఆ టాయిలెట్లు వేరే దారిలోవి. ఇక్కడ ఒక్కటీ లేదు. మీవారిని తీసుకెళ్లకండి.” రైల్లో నిజం రాయడానికి అరగంట పట్టింది. దీనికి రెండు నిమిషాలు పట్టలేదు.

పది నిమిషాల్లో హేజెల్ రాసింది. “మంచిపని చేశారు, మార్గరెట్. తప్పు ఒప్పుకునే నిజాయితీ ఈ రోజుల్లో ఎవరికుంది? మావారు బూట్లు మళ్లీ అటకెక్కించనివ్వడం లేదు, ఇంకెక్కడికైనా వెళ్దామంటున్నారు. మీరు నడిచిన మరో దారి చెప్పండి. మీ మాట మీదే బయల్దేరతాం. జవాబు వచ్చేదాకా ఇక్కడే కూర్చుని ఉంటాను.”