తీగ ఎక్కించి పోవడం

శశికళ గురించి చెప్పమంటే నాకు ముందు కోపమే వస్తుంది. బెంగళూరు పక్కన బొమ్మసంద్రలో మోటార్లకు కాయిళ్ళు చుట్టే కంపెనీ మాది. నేను ప్యాకింగ్‌లో ఉంటాను. నాలుగో మెషీను మీద పొద్దున షిఫ్టు శశికళ, మధ్యాహ్నం షిఫ్టు సునీత. తొమ్మిదేళ్ళు! షిఫ్టు చివర రాగితీగ అయిపోతుంది. వెంట్రుకంత సన్నం, కొత్తది ఎక్కించాలంటే అరగంట. అందుకే దిగే మనిషి వచ్చే మనిషి కోసం తీగ ఎక్కించి పోవాలి. కంపెనీ రూలేమీ కాదు, మా ఆడవాళ్ళ అలవాటు.

జూన్‌లో గోడ మీద బోర్డు పెట్టారు. పైన ‘స్పర్ధ’ అని, కింద వీళ్ళిద్దరి పేర్లు. మధ్యాహ్నం షిఫ్టు ఎత్తేస్తారట. మూడు నెలల్లో ఎక్కువ చుట్టిన మనిషికే ఉద్యోగం.

"సంస్కృతం మాటమ్మా. సమానమైనోళ్ళ మధ్య ఉండే పోటీనే స్పర్ధ అంటారు. మీరిద్దరూ సమానంగా ఉండారు కాబట్టే పెట్టినాము" అన్నాడు సూపర్‌వైజర్ జయరామప్ప, ఏదో సన్మానం చేస్తున్నట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ వారం నుంచే శశికళ తీగ ఎక్కించడం మానేసింది. హెబ్బగోడి బస్సులో నిలదీశాను.

"ఏందే ఈ పని?"

"నాకు ఇద్దరు బిడ్డలుండారు నళినీ. ఆయమ్మకు మొగుడన్నా ఉండాడు" అంది, నా ముఖం చూడకుండా.

సునీత రోజూ అరగంట పోగొట్టుకునేది. అయినా తాను దిగేటప్పుడు మాత్రం తీగ ఎక్కించే పోయేది.

"నీకేమన్నా పిచ్చా?" అని గేటు దగ్గర అరిచాను.

"పొద్దున్నే శశక్క వస్తుంది కదక్కా, ఎట్లా వదిలేసి పోను?" అంది. దీన్ని పట్టుకుని నాలుగు వాయించాలనిపించింది.

ఆగస్టు ఆఖరుకు శశికళ గెలిచింది. సునీత ఎవరితోనూ తగవు పడలేదు. చివరి రోజు కూడా తీగ ఎక్కించి, లాకరు తాళం ఇచ్చేసి వెళ్ళిపోయింది.

ఆ తీగతో శశికళకు ఒక రోజు గడిచింది. మర్నాడు పొద్దున చూస్తే మెషీను బోసిగా ఉంది. ముందురోజు దిగేటప్పుడు తీగ ఎక్కించాలన్న ధ్యాసే లేదు ఆమెకు, మూడు నెలలుగా మానేసిన పని కదా. కంగారులో తీగ మూడుసార్లు తెగింది.

"ఏమమ్మా, గెలిచినదానివి, ఇంత లేటా?" అన్నాడు జయరామప్ప వాచీ చూసుకుంటూ.

శశికళ నా వైపు చూసింది. కళ్ళనిండా నీళ్ళు. లేచి తీగ కొస పట్టుకుందామనే అనుకున్నాను. చెయ్యి రాలేదు.