కారుకు కందెన

మా నాయనకు పనుల్లేకుండా చేసింది నేనే. మోటారు ఆపడం రెండుసార్లు మరిచిపోయాడని స్విచ్చు దగ్గరికి పోవద్దన్నాను. కాలు జారుతుందని మిద్దె ఎక్కొద్దన్నాను. అంతా ఆయన మంచికే అనుకున్నాను. ఏళ్ల తరబడి ఎద్దులబండి తోలి, ఊళ్లో ఎవరి బండి ఇరుసు మొరాయించినా పోయి సరిచేసి వచ్చిన మనిషి, పొద్దస్తమానం అరుగుమీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూస్తుండేవాడు.

ఆ రోజుల్లోనే నేను బెంగళూరులో ఒక పాత జర్మనీ కారు కొన్నాను. బుక్కరాయసముద్రంలో మా వీధివాళ్లు కొత్తల్లుడిని చూసినట్టు వచ్చి చూసిపోయారు. ఆర్నెల్లకే ముందు చక్రాల బ్రేకులు అరిగిపోయాయి. అనంతపురం మెకానిక్కులు దాన్ని చూసి, "దీని జోలికి మేము రాములే అన్నా" అన్నారు. బెంగళూరు షోరూమువాళ్లు మూడు వారాల తర్వాత రమ్మన్నారు. నాకు అసలే రోషం ఎక్కువ. ప్యాడ్లు తెప్పించుకుని, ఫోన్లో వీడియోలు చూసి, ఒక ఆదివారం ఇంటిముందే జాకీ ఎత్తాను.

నాయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"పానాలు నేను అందిస్తా."

"వద్దు నాయనా, చేతికి దెబ్బ తగుల్తాది. నువ్వు పోయి కూసో."

పోయి కూర్చున్నాడు. చక్రం లోపల ఒక ఇనుప పళ్లెం తిరుగుతుంటుంది. బ్రేకు తొక్కితే రెండు ప్యాడ్లు దాన్ని అటూ ఇటూ గట్టిగా పట్టుకుంటాయి. ఆ ప్యాడ్లు మార్చడానికి నాకు సగం రోజు పట్టింది. సాయంత్రం వీధిలో ఒక చుట్టు తిప్పుకొచ్చాను. బ్రేకు వేసినప్పుడల్లా కీచుమంది.

"అరుస్తాండాది కదప్పా" అన్నాడు నాయన అరుగు మీదినుంచి.

"కొత్తవి కదా, అరుస్తాయిలే" అని లోపలికి పోయాను. నాలుగు రోజులు తిరిగితే అదే తగ్గుతుందని ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. ఆయనకెందుకులే అనుకున్నాను.

మరునాడు పొద్దున నా కూతురిని అదే కారులో కాలేజీకి దింపాలి. ముందు ఒక్కడినే పోయి చూసుకొద్దామని చెరువుకట్ట దాకా పోయాను. కట్ట దిగే చోట బ్రేకు తొక్కితే కారు నా మాట వినలేదు. బలమంతా పెట్టి తొక్కాను. జారుతూనే పోయింది. స్టీరింగు తిప్పి కంపచెట్లలోకి దూర్చాను.

దిగి, చక్రం సందుల్లోంచి వేలు పెట్టి పళ్లెం తుడిచి చూశాను. నల్లగా, జిడ్డుగా అంటింది. వాసన చూస్తే ఆముదం. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపితే కందెన అవుతుంది. బండి ఇరుసు అరవకుండా పెట్టేది అదే. మా ఇంట్లో అది చేసే మనిషి ఒక్కడే.

మొదటి గేరులో నడిపించుకుంటూ, పళ్లు కొరుక్కుంటూ ఇల్లు చేరాను. నాయన గేటు దగ్గరే ఉన్నాడు. చాలా నెలల తర్వాత ఆయన ముఖం వెలుగుతూ కనిపించింది.

"అరుపు నిల్చినట్టేనా?" అన్నాడు.

నిలిచిందని చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"దిగుడులో బండి ఆగేదానికి చక్రానికి అడ్డంగా కట్టె కడతావే, దానికి ఎవురన్నా కందెన పూస్తారా?"

అంతకుమించి చెప్పాల్సిన పని లేకపోయింది. బండి తోలిన మనిషి.

"దిగుడుకు పోయినావా?"

"పోయినా."

"పిల్ల ఉండిందా బండిలో?"

"లేదు."

ఉన్నచోటే నేలమీద కూలబడ్డాడు. "ఇరుసు అనుకుంటినప్పా" అన్నాడు మెల్లగా. నా కోపమంతా అక్కడే చచ్చిపోయింది. నిన్న సగం రోజు ఆ మనిషి నాకు పదడుగుల దూరంలో కూర్చునే ఉన్నాడు. పిలిచి చూపించనిది నేను. నామీద నాకే అసహ్యమేసింది.

నూనె పీల్చిన ప్యాడ్లు పనికిరావు. మళ్లీ తెప్పించేసరికి వారం పట్టింది. ఆ వారమంతా నా కూతురు బస్సులో పోయింది. నాయన సరిగ్గా అన్నం తినలేదు, కారున్న వైపే రాలేదు. ఆదివారం జాకీ ఎత్తి పిలిచాను.

"నన్ను పిలవద్దు. నా చేతులు మంచివి కావు."

"నువ్వు రాకుంటే నేనూ చేయను" అని పానా కింద పెట్టేశాను.

చాలాసేపటికి వచ్చాడు. ఈసారి ఏది ఏమిటో, ఎందుకో అన్నీ చూపించాను. పళ్లేలను స్పిరిటు గుడ్డతో ఆయనే తుడిచాడు. తుడిచిన ప్రతిసారీ వాసన చూసి, మళ్లీ తుడిచాడు. చక్రాలు పెట్టాక పానా ఆయన చేతికిచ్చాను. పెదవి కొరికి, ఒళ్లంతా వంచి, రెండు చక్రాల పది బోల్టులూ బిగించాడు. తర్వాత చాటుగా సరిచూసుకుందామనుకున్నాను.

ఆయన చెమట తుడుచుకుని పానా నా ముందు పెట్టాడు.

"పిల్ల ఎక్కేది కదా. ఇంగోసారి నువ్వు బిగించు. నాకు అంత సత్తువ లేదులే."

"బిగువుగానే ఉండాయి నాయనా."

"బిగించప్పా."

మొదటి బోల్టుకు పానా వేశాను. పావు చుట్టు తిరిగింది. నాకు తలెత్తి ఆయన ముఖం చూడబుద్ధి కాలేదు. ఆయన నా పక్కనే గొంతుకూర్చుని, తర్వాతి బోల్టు మీద వేలు పెట్టాడు.

"ఊఁ, రెండోది" అన్నాడు.