టెంటులో చర్చి వంతు

కోరుట్లలో బీడీలు చుట్టే సత్యవ్వకు నోరు పెద్దది. చర్చిలో స్త్రీల సంఘానికి పెద్ద కూడా ఆమే. ఆదివారం ఆరాధన కాగానే ఒక్కొక్కరినీ పట్టుకుని, "దేవుడు చేసిన మేలు చెప్పుకునేటందుకు గంత సిగ్గేంది?" అని దులిపేసేది. ముఖ్యంగా దేవవ్వను. సాక్ష్యం చెప్పమంటే ఆ ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. తహసీలు ఆఫీసు ముందు టెంటులో రోజుకొక సంఘం దీక్షకు కూర్చుంటోంది. వకీళ్ల, ఆటోవాళ్ల, పద్మశాలీల వంతులు అయిపోయాయి. గురువారం చర్చి వంతు వచ్చింది.

"అందరం పోవాలె. తెలంగాణ కోసం కూసుందాం. ఒక్కొక్కలు మైకు పట్టుకొని మన విశ్వాసం సుత చెప్దాం" అన్నాడు పాస్టరు. అందరికంటే ముందు "ఆమెన్" అన్నది సత్యవ్వే.

ఇంటికి వచ్చాక గుండె జారింది. కూతురు అఖిలకు నర్సింగు సీటు రావాలంటే ఎస్సీ సర్టిఫికెట్ కావాలి. క్రైస్తవులని తేలితే అది రాదు. అందుకే దరఖాస్తులో హిందువులమని రాయించింది. ఆ కాగితం చూడాల్సిన తహసీలు గుమాస్తా శంకరయ్య సమ్మెలో ఉండి, రోజూ ఆ టెంటులోనే కూర్చుంటున్నాడు. ఊరికే కూర్చుంటే ఎవరూ ఏమీ అనుకోరు, బీడీల ఆడవాళ్లు ఎవరి వంతుకైనా పోతూనే ఉన్నారు. నోరు తెరిస్తేనే చిక్కు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"జరమొచ్చిందని చెప్పమ్మా" అంది అఖిల.

"ఇల్లిల్లు తిరిగి అందర్ని లేపింది నేనే కద బిడ్డా. గిప్పుడు నేనే పండుకోవాల్నా?"

గురువారం శంకరయ్య మొదటి వరుసలోనే ఉన్నాడు. మైకు చేతులు మారుతూ దేవవ్వ దగ్గరికి వచ్చింది. ఆమె లేచింది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసింది.

"కొడుకు పోయినంక నాకు బతకబుద్ధి కాలె. యేసయ్యనే నన్ను నిలబెట్టిండు" అని, మైకు సత్యవ్వ చేతిలో పెట్టింది.

శంకరయ్య చూస్తున్నాడు. సంఘమంతా చూస్తోంది. సత్యవ్వ లేచింది. పిడికిలి ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి "జై తెలంగాణ!" అని అరిచింది. టెంటంతా లేచి అందుకుంది, శంకరయ్యతో సహా. ఆ హోరులోనే మైకు పక్కామెకు ఇచ్చేసి కూర్చుంది.

అన్ని చప్పట్లు ఆ రోజు ఇంకెవరికీ పడలేదు. ఆమెకు మాత్రం సిగ్గుతో తల లేవలేదు. దేవవ్వ దగ్గరికి జరిగి ఆమె వీపు నిమిరింది.

"పాయె తియ్యి బిడ్డా. మొదట్ల అందరికి గట్లనే భయమైతది" అన్నది.