అద్దాల పెట్టెలో ఎర్ర తీగ

2002 చివర్లో, హోసూరు పారిశ్రామికవాడలో చిన్న మోటార్లు తయారుచేసే ఒక కర్మాగారం మోహన్‌కుమార్‌ను పనిలోంచి తొలగించింది. నోటీసు ఇవ్వలేదు. సంజాయిషీ అడగలేదు. విచారణ జరపలేదు. సర్వీసు సర్టిఫికెట్టు మీద "అజాగ్రత్త వల్ల కంపెనీకి నష్టం కలిగించినందున" అని రాసి, చేతిలో పెట్టి, గేటు బయటికి పంపింది. ఆ నష్టం ఒక బొమ్మ ఓడ.

మోహన్‌కుమార్ కుందారపల్లి గొర్రెల కాపరి ముత్తప్ప కొడుకు. బోరు మోటార్లు బాగుచేసే షెడ్డులో మోటార్లకు రాగి తీగ చుట్టడం నేర్చుకుని, ఆ పనితనంతోనే కర్మాగారంలో చేరాడు. వాళ్ల ఇంట్లో నెల జీతం తీసుకున్న మొదటి మనిషి అతనే.

ఆ ఏడాది విదేశీ కొనుగోలుదారులు వస్తున్నారని తెలిసి, మేనేజరు పురుషోత్తం ఒక ముచ్చట పడ్డాడు. కంపెనీ మోటార్లతో నడిచే రిమోటు ఓడను కెలవరపల్లి డ్యాం నీళ్లలో తిప్పి చూపించాలి. వెనక మోటారు ఓడను నడుపుతుంది. ముందు, ముక్కు దగ్గర, ఈ పక్కనుంచి ఆ పక్కకు అడ్డంగా ఒక గొట్టం, అందులో చిన్న పంకా. అది తిరిగితే నీళ్లు పక్కకు తోసుకుపోయి, ఓడ ముక్కు ఉన్నచోటే ఎడమకో కుడికో మళ్లుతుంది. దాని పేరు బో థ్రస్టర్. కార్మికులు అడ్డమోటారు అన్నారు.

దాన్ని అదుపు చేసే పని మోహన్‌కుమార్ మీద పడింది. రిమోటు స్టిక్కు కదిపితే ఓడ లోపల ఒక చిన్న చేయి తిరిగి, రెండు స్విచ్చుల్లో ఒకదాన్ని నొక్కుతుంది. ఒకటి నొక్కితే మోటారు ఇటు, రెండోది నొక్కితే అటు. చేయి మధ్యలో ఉంటే మోటారు ఆగుతుంది. ఇంతవరకూ అతను తప్పు చేయలేదు.

తప్పు, ఓడను పరీక్షించే సిమెంటు తొట్టిలో చేశాడు. ముత్తప్ప మందను వెనకనుంచి తోలేవాడు కాదు. ముందుకు పోయి, ఎదురుగా నిలబడి, చేయి చూపి మళ్లించేవాడు. ఆ కొడుక్కి కుడి అంటే ఎదురుగా నిలబడ్డవాడి కుడి. ఓడ ముక్కు తన వైపు ఉండగా స్టిక్కు కుడికి వంచాడు. ముక్కు అతని ఎడమకు పోయింది. బోరు మోటారు వెనక్కి తిరిగితే ఎవరైనా చేసే పనే చేశాడు: రెండు తీగలు మార్చేశాడు. తర్వాత ఓడను ముందుకు వదిలితే కుడి అన్నప్పుడల్లా ఎడమకు పోయి గోడకు గుద్దుకుంది.

తీగలు అతికే రేణు పడీపడీ నవ్వింది. "ఏం మోహనన్నా, ఓడ కూడా మీ నాయన మొగం చూసుకుంటా నడవాలంటావా?"

"ఓడ లోపల కూర్చున్నట్టు అనుకోవాలమ్మా. నేను గట్టు మీద నిలబడి అనుకున్నాను," అని అతనే తీగలు మళ్లీ సరిచేశాడు. మేనేజరు దగ్గరికి పోయి, దాచకుండా చెప్పాడు. అప్పుడు పురుషోత్తం కూడా నవ్వాడు.

అడ్డమోటారుకు మోహన్‌కుమార్ ముక్కులో వేరే బ్యాటరీ పెట్టాడు. ఆ బరువుకు ముక్కు కిందికి వంగింది. ముక్కు మీద కంపెనీ పేరు రాసి ఉంది.

"ఏమప్పా, పేరు నీళ్లలోకి పోతే చదివేదెవురు? చేపలా? పీకెయ్ ఆ బ్యాటరీని," అన్నాడు పురుషోత్తం.

"అడ్డమోటారుకి కరెంటు యాడనుంచి ఇచ్చేది సార్?"

"రిసీవరుకి ఒక బ్యాటరీ ఉండాది గదా. దాంట్లోనించే లాగు."

రిసీవరు అంటే గట్టు మీది రిమోటు మాట వినే పెట్టె. ఓడకు చెవి అదే. మోహన్‌కుమార్ అడ్డమోటారు ఎర్ర తీగను రిసీవరు బ్యాటరీకి కలిపాడు. అడ్డమోటారు తిప్పగానే రిసీవరు మీది చిన్న దీపం మసకబారింది.

"మా ఊర్లో బోరు వేస్తే ఇంట్లో లైటు ఇట్లే చచ్చిపోతాది అన్నా," అంది రేణు. "పోయి చెప్పు."

అతను పోయి చెప్పాడు. "అయిదు నిమిషాల ఆటకి ఇంత రామాయణమా? చెప్పింది చెయ్యి," అన్నాడు పురుషోత్తం. మోహన్‌కుమార్ సరే సార్ అన్నాడు. ఆ సరే తప్ప ఇంకో మాట అనే వీలు అతనికి ఎప్పుడిచ్చిందో ఆ కర్మాగారమే చెప్పాలి.

డ్యాం గట్టు మీద షామియానా వేశారు. ఓడ చక్కగా పోయింది, చప్పట్లు పడ్డాయి. "ఈడనే గుండ్రంగా తిప్పప్పా, దొరలు ఫొటో తీస్తారంట," అన్నాడు పురుషోత్తం. మోహన్‌కుమార్ స్టిక్కు కుడికి వంచాడు. ముక్కు కదిలింది. అంతలో నీళ్లలో తేలే గుర్రపుడెక్క వేరు ఒకటి గొట్టంలోకి దూరి పంకాకు చుట్టుకుంది. బిగుసుకున్న మోటారు ఉన్న కరెంటంతా లాగేసుకుంది. రిసీవరు చచ్చిపోయింది. ఓడ లోపల స్విచ్చు నొక్కిన చేయి నొక్కినట్టే ఉండిపోయింది కాబట్టి కరెంటు పోతూనే ఉంది. వెనక మోటారుకు పెద్ద బ్యాటరీ. ఆపమని చెప్పే చెవి లేక అది తిరుగుతూనే ఉంది.

అతను స్టిక్కు ఎడమకు వంచాడు, మధ్యకు తెచ్చాడు, కిందికి లాగాడు. రిమోటు నెత్తిన పెట్టుకుని గట్టు చివరిదాకా పరిగెత్తాడు. ఓడ తిన్నగా రాళ్ల మీదికి పోయింది. చేతిలో అన్నీ కదులుతున్నాయి, నీళ్లలో ఏదీ కదలలేదు.

"ఆపరా! ఆపు!" అని అరిచాడు పురుషోత్తం. ముక్కు పగిలిన చప్పుడు షామియానా దాకా వినబడింది.

మరునాడు పురుషోత్తం పై అధికారులకు చెప్పిన కారణం ఒక్కటే: ఇతను తీగలు తారుమారుగా కలిపేవాడు, ఆ సంగతి తనే ఒప్పుకున్నాడు. తొట్టిలో జరిగి, తొట్టిలోనే సరిదిద్దిన తప్పును డ్యాంలో జరిగిన నష్టానికి ఒప్పుకోలుగా చూపారు. ఒక తప్పును నిజాయితీగా ఒప్పుకున్నవాడు మరో తప్పును ఒప్పుకున్నట్టు కాదు. చూసిన రేణును ఒక్క ప్రశ్న అడగలేదు. ఆమే పోయి చెప్పబోతే "నీ పని నువ్వు చూసుకో" అని వెనక్కి పంపారు.

ఆ తర్వాత మోహన్‌కుమార్ తట్టని గేటు లేదు. ఓడ కథ అప్పటికే పారిశ్రామికవాడంతా పాకింది; సర్టిఫికెట్టు చూడగానే, "ఓహో, ఓడ ముంచినోడివి నువ్వేనా అప్పా?" అని నవ్వి తిప్పి పంపేవారు. ఇప్పుడు కృష్ణగిరిలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, కాయల కాలంలో, బుట్టలు మోస్తున్నాడు. కాయల కాలం అయిపోతే అదీ లేదు. రాగి తీగను వేళ్లతోనే తూచగలిగినవాడు, ఇంట్లో ఫ్యాను పాడైతే కూడా ముట్టుకోవడం లేదు.

ముత్తప్ప ఒకసారి అడిగాడు: "గొర్రె దారి తప్పితే పిలుస్తాము, పలుకుతాది. దానికి చెవులే కోసేసినాక నువ్వు పిలిచి ఏం చేస్తావురా? ఆ మాట వాళ్లకి చెప్పలేదా?"

"చెప్పినాను నాయనా. వాళ్లకీ చెవుల్లేవు."

పగిలిన ముక్కుకు బయట పూత పూసి, కంపెనీ పేరు మళ్లీ రాయించి, ఆ ఓడను కర్మాగారం ముందు గదిలో అద్దాల పెట్టెలో నిలబెట్టారు. లోపల ఎవరూ చేయి పెట్టలేదని గది తుడిచే అంగాళమ్మ చెబుతోంది. ఆ ఎర్ర తీగ అతికిన చోటే ఉంది.

కర్మాగారం యాజమాన్యానికి, మేనేజరు పురుషోత్తంకు: మీరు జరపని విచారణకు కావలసిన సాక్ష్యం మీ గుమ్మంలోనే ఉంది. ఆ పెట్టె తెరవండి. మోహన్‌కుమార్‌నూ రేణునూ ఎదురుగా కూర్చోబెట్టి ఓడ మూత విప్పండి. అడ్డమోటారు ఎర్ర తీగ ఏ బ్యాటరీకి పోతుందో చూడండి, దాన్ని అక్కడ పెట్టమన్నది ఎవరో అందరి ముందూ చెప్పండి. ఆ సర్టిఫికెట్టులోని అబద్ధాన్ని కొట్టేసి, అతని పని అతనికి తిరిగి ఇవ్వండి.