టేపు బాబాయ్ కొలత

లోకంలో టైలర్లందరూ కొలత తీసి పుస్తకంలో రాసుకుంటారు. టేపు బాబాయ్ మాత్రం ముందు అరుస్తాడు. నడుం చుట్టూ టేపు తిప్పి, వీధి చివర బస్టాపుకు వినపడేలా అంకె చెప్పి, ఆ తర్వాతే రాసుకుంటాడు. నడుం పెరిగినవాళ్ళకి ప్యాంటు వదులు చేయమంటే చేయడు. అరుగు మీది కూరల బుట్టలు చూపించి, నెల రోజులు అవి తిని రమ్మంటాడు. పెళ్ళి గడియ దగ్గర పడుతోందని బతిమాలిన పెళ్ళికొడుకు చేతిలో కూడా సొరకాయే పెట్టి పంపాడు.

ఆ వీధిలో వేపుళ్ళ కొట్లు నాలుగున్నాయి గానీ, తాజా కూర కావాలంటే రెండు బస్సులు మారాలి. అందుకని బాబాయే తెల్లవారుజామున ఊరి చివరి తోటకి సైకిలు తొక్కుకెళ్ళి కూరలు తెచ్చి, తోట ధరకే ఇచ్చేవాడు.

లైసెన్సుల ఆఫీసు గుమాస్తా ఈ గండం చాలాకాలం తప్పించుకు తిరిగాడు. ఓ రోజు కుర్చీలో కూర్చోగానే ప్యాంటు గుండీ తెగి ఫైలు మీద పడింది. ఇక బాబాయ్ దగ్గరికి వెళ్ళక తప్పలేదు. ఖర్మకాలి అదే సమయానికి ఆఫీసరుగారు చొక్కా కోసం వచ్చి కూర్చున్నారు.

"నడుం ముప్పై ఎనిమిదీ..."

బస్టాపులో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. ఆఫీసరుగారు నవ్వాపుకోలేక దగ్గారు. గుమాస్తాకి తల కొట్టేసినట్టయింది. మర్నాడే, దారికి అడ్డంగా ఉన్న బుట్టలు తీసేయాలని స్వయంగా నోటీసు రాసి, ఫైళ్ళ కట్టలో కలిపి ఆఫీసరుగారి చేత సంతకం పెట్టించి పంపాడు. బాబాయ్ బుట్టలు తోటకి తిరిగిచ్చేశాడు.

గుమాస్తా భార్యకి షుగరు. ఏడాదిగా ఆ కూరలతోనే అదుపులో పెట్టుకుంటోంది. మూడు వారాలు తిరగకుండానే మళ్ళీ పెరిగిందన్నాడు డాక్టరు.

"ఆ బుట్టలు ఏ మహానుభావుడు తీయించాడో గానీ, వాడి కడుపు చల్లగుండ" అంటూ ఆవిడ కొట్లో కొన్న వేపుడు వడ్డించింది. గుమాస్తా కంచంలోంచి తలెత్తలేదు.

ప్యాంటు మాత్రం కావాలి కదా. పక్క వీధి టైలరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ పదేళ్ళు బాబాయ్ కొట్లోనే కుట్టింది. టేపు చూసి, మెల్లగా నలభై రెండు అంది. టేపు తప్పని గుమాస్తా దెబ్బలాడాడు.

"బాబాయ్ ఎవరి నడుమైనా నాలుగంగుళాలు తగ్గించే అరుస్తాడండీ. అసలుది పుస్తకంలో రాస్తాడు. నిజం అరిస్తే సిగ్గుపడి మళ్ళీ రారట."

"అలాంటప్పుడు అరవడమెందుకమ్మా?"

"అరవకపోతే మీరు సొరకాయ పట్టుకెళ్తారా?"

గుమాస్తాకి ప్రాణం చచ్చినంత పనయింది. తన పరువు నాలుగంగుళాలు కాపాడిన మనిషి అరుగు తనే ఖాళీ చేయించాడు. ఆఫీసరుగారి దగ్గర తప్పొప్పుకుని నోటీసు రద్దు చేయించాడు. ఇంట్లోనూ చెప్పాడు. భార్య కూరల సంచి చేతికిచ్చింది.

మర్నాడు పొద్దున్నే తోటకి వెళ్ళి, బుట్ట నెత్తిన పెట్టుకుని, చెమటలు కక్కుతూ అరుగెక్కాడు.

"నోటీసు రాసింది నేనే బాబాయ్."

"తెలుసులే. నా లైసెన్సు మీద నీ చేతిరాత ఏటేటా చూస్తున్నాగా" అని బాబాయ్ టేపు తీసి అతని నడుం చుట్టూ తిప్పాడు. అరవడానికి గొంతు సవరించుకున్నాడు. ఈలోగా గుమాస్తాయే ఊపిరి బిగించి, బస్టాపు మొత్తం ఇటు తిరిగేలా అరిచాడు.

"నలభై రెండూ..."

బాబాయ్ కంగారుగా అతని నోరు మూశాడు.

"మెల్లగా అనరా అబ్బాయ్, వీధంతా వింటుంది."